కోనసీమ కళా సంస్కృతుల దీర్ఘకాల ప్రణాళిక

గోదావరి డెల్టాలో గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న లంకల నేల కోనసీమ. ఇక్కడి తీర్థాలు, గుడి విద్యలు, మేళాలు, చేతిపనులు, సాహిత్యం మరో పాతికేళ్ల తర్వాత ఏ స్థితిలో ఉండాలి, వాటిని ఎవరు నేర్పాలి, ఖర్చు ఎవరు భరించాలి, నిర్ణయాలు ఎవరి చేతిలో ఉండాలి అనే ప్రశ్నలకు ఊళ్లు, కళాకారులు, ప్రభుత్వం కలిసి జవాబు చెప్పుకోవడమే సాంస్కృతిక దీర్ఘకాల ప్రణాళిక. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 13న ‘స్వర్ణాంధ్ర 2047’ దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. దానికి అనుబంధంగా జిల్లాలు, నియోజకవర్గాల స్థాయిలోనూ పత్రాలు రాసే పని మొదలైంది. ఇలాంటి పత్రాల్లో సంస్కృతి చాలాసార్లు పర్యాటకం పక్కన ఒక పేరాగా మిగిలిపోతుంది. కోనసీమ విషయంలో అలా జరిగితే నష్టం ఎక్కువ. ఎందుకంటే ఈ నేల మీద కళలు ఎప్పుడూ ఒక ఏర్పాటు ఆసరాతోనే బతికాయి. మాన్యమో, గుడి కొలువో, ఊళ్ల మధ్య వంతుల ఒప్పందమో ఉండేది. గత వందేళ్లలో ఆ ఏర్పాట్లు ఒక్కొక్కటే పోయాయి. వాటి స్థానంలో ఏం రావాలన్న ఆలోచన మాత్రం అరకొరగానే సాగింది.

ఎక్కడి నుంచి ఎక్కడి దాకా

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట, వైనతేయ మీదుగా కాలువను దాటించిన గన్నవరం అక్విడక్టు ఈ లంకలకు వరిని, కొబ్బరిని స్థిరపరిచాయి. గుళ్లకు, తీర్థాలకు, సంభావనలకు, నాటక సమాజాలకు ఊళ్లలో చేతినిండా డబ్బు ఆడింది ఈ నీటి వల్లనే. పి.గన్నవరంలో పాత కట్టడం పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వచ్చినవారికి వేళ కాని వేళలోనూ అన్నం పెట్టిన ఆ లంకల గన్నవరం ఇల్లాలు 1909లో మరణించారు.

ప్రణాళికకు హద్దులు గీయడమే మొదటి చిక్కు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాలో అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, పి.గన్నవరం ప్రాంతాలతో పాటు గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న రామచంద్రపురం, మండపేట ప్రాంతాలు కూడా చేరాయి. అమలాపురం పెద్దలు చాలామంది గౌతమి దాటితే కోనసీమ కాదంటారు. కానీ పంచారామాల్లో ఒకటైన ద్రాక్షారామం, హరికథ పాఠశాల ఉన్న కపిలేశ్వరపురం ఆ ఒడ్డునే ఉన్నాయి. మరోపక్క వసిష్ఠకు ఆవల ఉన్న నరసాపురంతో రాజోలు, సఖినేటిపల్లి ఊళ్లకు పెళ్లి సంబంధాలున్నాయి, అల్లికల వ్యాపారం ఉంది. పంటు మీద దాటితే చాలు. గౌతమి ఒడ్డునే ఉన్న యానాం భాషలో, పండుగల్లో ఈ నేలదే అయినా పుదుచ్చేరి పాలనలో ఉంది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి చిన్నప్పటి చదువు కొంత ఆ ఊళ్లోనే సాగింది. కలెక్టరేటు పటాన్ని పట్టుకుని సాంస్కృతిక ప్రణాళిక రాస్తే సగం తెగిపోతుంది. నిధులకు జిల్లా హద్దు తప్పదు గానీ కళాకారుల జాబితాలకు, శిక్షణకు, ఉత్సవాలకు ఆ హద్దు అక్కరలేదు.

పాత ఏర్పాట్లు

తెలుగు నేల మీద కళ కోసం చేసిన దీర్ఘకాల ఏర్పాటు అనగానే కూచిపూడి గుర్తుకొస్తుంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 17వ శతాబ్దం చివర్లో భాగవతులకు ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. ఊరి భూమి మీద వచ్చే ఆదాయం, దానికి బదులు తరతరాల నాట్యం అన్నది అందులోని సూత్రం. కోనసీమ అగ్రహారాల్లో వేదానికి, గుళ్లలో నాదస్వరానికి, నాట్యానికి, వాహన సేవలకు ఇలాంటి మాన్యాలే ఆధారం. మేళగాడికి అరెకరమో ఎకరమో, రథం లాగే ఊరికి ఇంతని ధాన్యం, కుమ్మరికి, చాకలికి, డప్పు వాయించేవారికి కళ్లంలో వంతు ఉండేవి. ఈ పంపకంలో సమానత్వం ఏనాడూ లేదు. అగ్రహారీకుడికి భూమి మీద హక్కు ఉంటే, డప్పు కొట్టినవాడికి దక్కింది గింజలే. పాత రోజులను బంగారు కాలంగా తలచుకునే వ్యాసాలు ఈ సంగతిని దాటేస్తుంటాయి.

ఈ ఏర్పాట్లు ఎలా విడిపోయాయో చూడటానికి కలావంతుల చరిత్ర చాలు. గోదావరి డెల్టా ఊళ్లలో కలావంతుల కుటుంబాలు గుడిలో కేళిక, పెళ్లిళ్లలో మేజువాణి, రాత్రంతా సాగే భామాకలాపం, గొల్లకలాపం ఆడేవి. పదాలు, జావళీలకు వారు పట్టే అభినయం ఒక పెద్ద విద్య. ముమ్మిడివరం అన్నాబత్తుల వారి ఇంటి పేరు నాట్యరంగంలో ఇప్పటికీ వినిపిస్తుంది. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మద్రాసు శాసనసభ 1947లో చట్టం చేసింది. ఆడపిల్లల బతుకులను గుడికి, జమీందారుకు కట్టిపడేసే పద్ధతి పోవడం అవసరమే, అందులో సందేహం లేదు. అయితే ఆ చట్టం ఆడేవారికి వేరే వేదిక చూపలేదు, జీతం చూపలేదు, బడి చూపలేదు. విద్యకు పట్టిన మరకను తుడిచే పని కూడా ఎవరూ పెట్టుకోలేదు. ఆ కుటుంబాల్లో చాలామంది ఇంటిపేర్లు దాచుకుని, గజ్జెలు పక్కన పెట్టి వేరే బతుకులు చూసుకున్నారు. తర్వాత నటరాజ రామకృష్ణ ఆ వృద్ధ కళాకారిణులను వెతికి వారి దగ్గర నేర్చినదానితో ఆంధ్రనాట్యానికి రూపం ఇచ్చారు. 1990లలో స్వప్నసుందరి మద్దుల లక్ష్మీనారాయణ దగ్గర నేర్చుకున్న సంప్రదాయాన్ని ఆరుద్ర సూచించిన ‘విలాసినీ నాట్యం’ అనే పేరుతో రంగస్థలానికి తెచ్చారు. రెండూ విలువైన ప్రయత్నాలే. కానీ విద్య హైదరాబాదుకో, ఢిల్లీకో వెళ్లింది. ఏ ఊళ్లలో అది పుట్టిందో అక్కడ నేర్పే బడి ఒక్కటీ స్థిరపడలేదు. ప్రణాళిక అన్నదాంట్లో ఈ ప్రాంతం మొదట చెల్లించాల్సిన బాకీ ఇదే.

1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో మాన్యాలు రైత్వారీ పట్టాలయ్యాయి. 1987 దేవాదాయ చట్టంతో గుళ్లలో వంశపారంపర్య హక్కులు పోయాయి. ఈ రెండింటికీ న్యాయమైన కారణాలున్నాయి. అయినా నాదస్వర విద్వాంసుడి వైపు నుంచి చూస్తే జరిగింది ఒక్కటే: భూమి పోయింది, దాని బదులు రావాల్సిన జీతం పెద్ద గుళ్లకే పరిమితమైంది. చిన్న గుళ్లలో హారతి వేళ విద్యుత్తుతో మోగే గంటా డోలు యంత్రం వచ్చింది. మేళం నేర్చుకున్న కుర్రాళ్లు పెళ్లి బ్యాండులో చేరారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సినిమా అలాంటి కుర్రాడి కథనే చెప్పింది. ఆ బ్యాండు వెనక ఉన్న కులపు గీతను కూడా దాచలేదు.

పదకొండు ఊళ్ల తీర్థం

సమష్టి ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కోనసీమ వారు దూరం పోనక్కరలేదు. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. వ్యాఘ్రేశ్వరం, కె.పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు అనే పదకొండు ఊళ్ల శివుళ్లు ఏకాదశ రుద్రులుగా అక్కడ కలుసుకుంటారు. తోటలో గుడి లేదు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో అది మామూలు కొబ్బరితోటే. నాలుగు శతాబ్దాలుగా ఇది సాగుతోందని స్థానికుల నమ్మకం.

వెదురు బొంగులు, దూలాలతో చట్రం కట్టి, కొత్త బట్టలు చుట్టి, రంగు కాగితాలు, గంటలు, పూలతో అలంకరించిన ఎత్తైన ప్రభ మీద ఉత్సవ మూర్తిని ఉంచి భుజాల మీద మోస్తారు. బండి మీద ఎక్కించడం ఉండదు. రోడ్డు లేని చోట వరిచేలలోంచి నడుస్తారు, పచ్చటి పైరును తొక్కుకుంటూ వెళ్లినా రైతు అడ్డం చెప్పడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని ఊరి మాట. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలోకి దిగి, మెడలోతు నీళ్లలో మోసేవారి భుజాల మీదుగా ఆవలి గట్టు ఎక్కుతాయి. ‘అశ్శరభ శరభ’ అనే కేకలు, డప్పులు, బాణసంచా మధ్య ఆ దాటే ఘట్టం చూడటానికే వేలమంది గట్టు మీద నిలబడతారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ కర్తవ్య పథ్‌లో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థానిదే. కొత్తపేటలోనూ సంక్రాంతికి ప్రభల ఉత్సవం ఉంది. అక్కడ బాణసంచాకే ఎక్కువ పేరు.

ప్రణాళిక రాసేవారు ఈ తీర్థంలో గమనించాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రభను ఏటా కొత్తగా కడతారు కాబట్టి కట్టే విద్య పాతబడదు. పాతవాడు పక్కన నిలబడి ముడి ఎక్కడ వేయాలో చెబుతుంటే కుర్రాడు వేస్తాడు. ఏ ప్రభ ఎప్పుడు బయలుదేరాలి, తోటలో ఎక్కడ నిలవాలి, ఏ స్వామికి ఎవరు లేచి గౌరవం చూపాలి అనే వరస రాతలో లేకపోయినా అందరికీ తెలుసు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగిలినవాటిని ఒకసారి పైకి లేపి గౌరవిస్తారు. ఖర్చు చందాలతో నడుస్తుంది. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న ఊరివాడు డబ్బు పంపుతాడు, వీలైతే భుజం పెట్టడానికి కనుమకు దిగుతాడు. పదకొండు ఊళ్లు ఒక్క రోజు పని కోసం ఏడాదంతా ఒక మాట మీద ఉండటం చిన్న సంగతి కాదు.

ప్రభుత్వ గుర్తింపు, శకటం, డ్రోన్ వీడియోలు వచ్చాక జనం పెరుగుతున్నారు. అతిథుల కోసం వేదికలు, మైకులు, వాహనాలు నిలపడానికి స్థలం అంటూ మొదలైతే తోట తోటగా మిగలదు. ప్రభ ఎత్తు మీద పోటీ పెరిగితే విద్యుత్ తీగల గొడవ వస్తుంది. యునెస్కో 2003లో ఆమోదించిన అమూర్త వారసత్వ ఒడంబడిక, దానికి భారతదేశం 2005లో తెలిపిన ధ్రువీకరణ, ఒక సంగతిని గట్టిగా చెబుతాయి: ఆచారాన్ని పాటించేవారి సమ్మతి లేకుండా దాన్ని కాపాడటం కుదరదు. జగ్గన్నతోటలో ఏ మార్పు చేయాలన్నా పదకొండు ఊళ్ల కమిటీలు కూర్చుని సరేననాలి అన్న ఒక్క నియమం రాసుకున్నా ఎన్నో పత్రాల పెట్టు.

బడి ఉన్న చోటు

కపిలేశ్వరపురంలో జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1970లలో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను నెలకొల్పారు. పిల్లలను, ముఖ్యంగా పేద ఇళ్ల ఆడపిల్లలను, చేర్చుకుని అక్కడే అన్నం, బస ఇచ్చి, సంగీతం, తెలుగు, సంస్కృతం, పురాణం, అభినయం నేర్పి హరికథకులుగా తయారుచేయడం ఆ బడి పని. ఆదిభట్ల నారాయణదాసు కాలంలో మగవారి విద్యగా పేరుపడ్డ హరికథకు ఈనాడు తెలుగునాట వేదికల మీద ఎక్కువగా కనిపించేది ఆడవారే. ఆ మార్పులో ఈ బడికి పెద్ద వాటా ఉంది. సంస్కృతంలో హరికథ చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్న డి. ఉమామహేశ్వరి ఇక్కడ చదువుకున్నవారే.

ఈ బడి చూపించే దారి సూటిగా ఉంది. ఒక కళ, ఒక చోటు, తిండి బస, కొన్నేళ్ల గడువు, బయటికి వచ్చాక బతుకుతెరువు. కేరళలో వళ్లత్తోళ్ 1930లో మొదలుపెట్టిన కలామండలం కథకళికి చేసింది ఇదే. అది 2006లో విశ్వవిద్యాలయ హోదా దాకా ఎదిగింది. తేడా ఏమిటంటే కలామండలం వెనక తొలినాళ్ల లాటరీ నిధుల నుంచి ప్రభుత్వ బడ్జెటు దాకా ఒక వరుస ఏర్పడింది. కపిలేశ్వరపురం బడి ఒక కుటుంబపు ధర్మనిధి మీద మొదలైంది. ఏ ప్రాంతానికైనా అలాంటి కుటుంబం ఉండటం అదృష్టం, కానీ అదృష్టాన్ని ప్రణాళిక అనలేం. నాదస్వరం, డోలు, గరగలు, వీరనాట్యం వంటి విద్యలకు ఇలాంటి బడి ఒకటి కావాలి. గరగ నృత్యం ఈ జిల్లాలో అమ్మవారి జాతరల ప్రాణం. అలంకరించిన గరగను తల మీద పెట్టుకుని చేయి తగలకుండా ఆడటం పుస్తకంలో రాసి నేర్పేది కాదు.

వేద విద్య సంగతి కొంత వేరు. వ్యాఘ్రేశ్వరం, నేదునూరు, కపిలేశ్వరపురం వంటి చోట్ల నిత్యాగ్నిహోత్రం చేసే ఆహితాగ్నుల జీవితాలను అమెరికా పండితుడు డేవిడ్ నైప్ దశాబ్దాల పాటు పరిశీలించి 2015లో ఒక గ్రంథం ప్రచురించారు. తండ్రి దగ్గర అధ్యయనం చేసే పద్ధతి తరిగి, వేద పాఠశాలల వైపు చదువు మళ్లడం అక్కడి కథ. వేదానికి తిరుపతి దేవస్థానం, కేంద్ర సంస్థల ఆదరణ ఎంతో కొంత ఉంది. డప్పుకు లేదు.

రాత, పాట

కోనసీమ అనగానే సినిమా వాళ్లకు కొబ్బరిచెట్టు, పడవ, పట్టుపావడా గుర్తొస్తాయి. రచయితల్లో ఈ నేల బొమ్మ వేరు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంతో పాలేరు కొడుకు చదువుకుని పెద్ద ఉద్యోగం చేయడాన్ని ఊరూరా వేదికెక్కించారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కాట్రేనికోన మండలం కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం కవిగా, న్యాయవాదిగా ‘నది పుట్టిన గొంతుక’ వినిపించారు. రాయవరం దగ్గరి పసలపూడిని వంశీ కథల్లో ఒక లోకంగా కట్టారు. రాజోలులో 1928లో పుట్టిన వోలేటి వెంకటేశ్వర్లు ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి కర్ణాటక సంగీతాన్ని తెలుగిళ్లలోకి తెచ్చారు.

వీరిలో చాలామందికి పుట్టిన ఊళ్లో విగ్రహమో, వీధి పేరో దక్కుతుంది. పుస్తకాలు, రికార్డులు, రాతప్రతులు చేర్చిన చోటు దొరకడం కష్టం. గోదావరి జిల్లాల పాత పత్రికల, పుస్తకాల నిధి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఉంది. అమలాపురంలో ఒక ప్రాంతీయ భాండాగారం ఉండాలన్న కోరిక గొప్పలకు పుట్టింది కాదు. 1996 నవంబరు 6 తుపాను ఒక్క రాత్రిలో లక్షల కొబ్బరిచెట్లను కూల్చింది. ఇళ్లలో అటకల మీద ఉన్న తాళపత్రాలు, నాటక సమాజాల ఫొటోలు, హార్మోనియం పెట్టెలు తడిసిపోవడానికి అలాంటి రాత్రి ఒక్కటి చాలు. వరద మట్టానికి పైన కట్టిన గది, స్కానరు, జీతం ఉన్న ఇద్దరు మనుషులతో పని మొదలవుతుంది. కళాక్షేత్రం పేరుతో కోట్లు పోసి సభాభవనం కట్టడం కన్నా ఇది ముందు జరగాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏడాదిలో అయిదు రోజులు సన్మానాలకు తెరిచే హాళ్లు తెలుగునాట ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

చేతిపని

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం తన పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకోవడం ఈ జిల్లా మనసును చెబుతుంది. కాలే కుండ బోర్లించి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క ఊపున లాగితే రేకు లేస్తుంది. ఆ పొగ, వేడి మధ్య కూర్చునేది ఆడవాళ్లు. పెట్టెల మీద పేరు దుకాణదారుది. వసిష్ఠ రెండు ఒడ్డుల్లోనూ ఆడవాళ్లు అల్లే నరసాపురం లేసుకు 2024లో గుర్తింపు దక్కింది. ఈ అల్లికల వెనక చాలీచాలని కూలిని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లోనే పుస్తకంగా రాశారు. గుర్తింపు ధర పెంచుతుంది, పెరిగిన ధర రేకు తీసిన చేతికి, లేసు అల్లిన చేతికి ఎంత చేరిందో ఏటా లెక్క చూసే బాధ్యత ఎవరికో ఒకరికి అప్పగించాలి.

బండారులంక, పుల్లేటికుర్రు, మోరి మగ్గాలకు ఇంకా అలాంటి పేరు రాలేదు. నేతగాళ్ల పిల్లలు మగ్గం గుంటలో కూర్చోవడం తగ్గింది. కొత్తపేట మాత్రం విగ్రహాల ఊరిగా నిలదొక్కుకుంది. శిల్పి డి. రాజ్‌కుమార్ వుడయార్ పనిశాల నుంచి నాయకుల, కళాకారుల విగ్రహాలు రెండు తెలుగు రాష్ట్రాలకూ వెళ్తున్నాయి. విగ్రహాల మీద మన వాళ్లకున్న మోజు కనీసం ఈ విధంగానైనా ఒక విద్యను బతికించింది.

అంతర్వేది రథం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే అర్ధరాత్రి కాలిపోయింది. రాష్ట్రమంతా రాజకీయం రగిలింది. 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశి ఉత్సవాలకు కొత్త టేకు రథం సిద్ధమైంది. కొన్ని నెలల్లో అంత రథం కట్టగల వడ్రంగులు ఇంకా ఉన్నారని అప్పుడు తెలిసింది. వాళ్ల పద్ధతిని, కొలతలను ఎవరైనా గీసి భద్రపరిచారా అన్న ప్రశ్న ఆ గొడవల్లో ఎక్కడా వినబడలేదు.

అందరిదీ అనిపించుకోవాలంటే

2022 మే నెలలో జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక, మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జూన్‌లో మంత్రివర్గం ‘డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా’ పేరును ఆమోదించింది. బోయి భీమన్న, బొజ్జా తారకం, దేశంలో తొలి దళిత లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పుట్టిన నేల మీద ఆ పేరుకు ఇంత ప్రతిఘటన రావడం ఇక్కడి సంస్కృతి గురించి మర్యాద మాటలు చెప్పుకోవడాన్ని కష్టం చేసింది.

‘ఆయ్, అండి’ అని పలికే మర్యాద, అతిథికి కొబ్బరిబొండం, ముగ్గు, గంగిరెద్దు అన్నవాటినే కోనసీమ సంస్కృతిగా చూపే పత్రం అగ్రహారం గడప దాటదు. ప్రభ ముందు డప్పు కొట్టేవారు, అంబేద్కర్ జయంతికి పాట కట్టేవారు, చర్చిలో తెలుగు కీర్తనలు పాడేవారు, సముద్రతీరపు మత్స్యకారులు, గీత కార్మికులు, కొబ్బరి దింపు కార్మికులు తమ కళ ఏదో, దానికి ఏం కావాలో తామే చెప్పే సమావేశాలు పేటల్లో, రేవుల్లో జరగాలి. అమలాపురం కలెక్టరేటులో ఒక మధ్యాహ్నం పిలిచి సంతకాలు తీసుకుంటే పనికి రాదు. కమిటీ కూర్పులో ఎవరెంతమంది అన్నది ముందే తేల్చి రాతలో పెట్టుకోవడం ఇక్కడ మరీ అవసరం.

చట్టం, డబ్బు

రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు, 22వది సంతలు, తీర్థాలు. పట్టణాలకు పన్నెండో షెడ్యూలులో అలాంటి అంశమే ఉంది. పంచాయతీల, పురపాలికల ప్రణాళికలను కలిపి జిల్లా ప్రణాళిక తయారుచేయడానికి 243జెడ్‌డి అధికరణం జిల్లా ప్రణాళికా సంఘాన్ని నిర్దేశించింది. అంటే కొత్త చట్టం అక్కరలేదు. గ్రామసభ తన వార్షిక ప్రణాళికలో తీర్థం దారి, మేళగాళ్ల గౌరవ వేతనం, గ్రంథాలయం కిటికీలు రాసుకోవచ్చు. చాలా ఊళ్లు డ్రైను, సిమెంటు రోడ్డు దగ్గరే ఆగుతున్నాయంటే వాటి దగ్గర అంతకు మించి డబ్బు లేకపోవడమే కారణం.

డబ్బు మూడు వైపుల నుంచి రావచ్చు. మొదటిది ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమచేస్తే భాండాగారానికి పునాది దొరుకుతుంది. రెండోది దేవాదాయం. అంతర్వేది, అయినవిల్లి, వాడపల్లి, అప్పనపల్లి వంటి ఆదాయం ఉన్న గుళ్లు చిన్న గుళ్ల మేళానికి ఉమ్మడి కొలువులు పెడితే నాదస్వరానికి మళ్లీ జీతం వస్తుంది. మూడోది గ్యాసు. కోనసీమ కింద కృష్ణా గోదావరి బేసిన్ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఇక్కడ గ్యాసు తీసే సంస్థల వంటి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో కళలు, వారసత్వం, గ్రంథాలయాలు, హస్తకళలు స్పష్టంగా ఉన్నాయి. ఈ సొమ్ము ఇప్పుడు ఎక్కువగా ఎవరు అడిగితే వారి ఊళ్లో ఒక గది, ఒక బోరు, ఒక షామియానాగా చీలిపోతుంది. దాన్ని మూలనిధిగా మార్చి వడ్డీతో బడి నడపడం దీర్ఘకాలపు లెక్క.

రాష్ట్రం మీద పూర్తిగా ఆధారపడటంలో ఉన్న ప్రమాదం తెలుగువారికి అనుభవమే. 1957లో పుట్టిన సాహిత్య, సంగీత నాటక అకాడమీలను 1983లో ప్రభుత్వం ఒక్క నిర్ణయంతో రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయం వాటి పనిలో కొంత ఎత్తుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది. కోటిపల్లి, నరసాపురం రైలు మార్గానికి బాలయోగి స్పీకరుగా ఉన్న రోజుల్లో శంకుస్థాపన జరిగితే పాతికేళ్లకు కూడా రైలు రాలేదు. ప్రభుత్వాలు మారితే ప్రాధాన్యాలు మారతాయి కాబట్టి నిధి, బడి, భాండాగారం మూడూ ధర్మకర్తల మండలి కింద ఉండి ప్రభుత్వం సహాయం మాత్రమే చేసే పద్ధతి ఈ జిల్లాకు తగింది.

గడువుల విషయానికి వస్తే 2047 అనే సంవత్సరం దేశం మొత్తానికి పెట్టుకున్న గుర్తు. గోదావరికి దాని సొంత లెక్క ఉంది. పుష్కరాలు 2015లో జరిగాయి, 2027లో వస్తాయి, ఆ తర్వాత 2039లో. పుష్కర పనుల పేరుతో ఘాట్లకు, రోడ్లకు డబ్బు ఎలాగూ వస్తుంది. అందులో కొంత రేవుల పక్కన కళాకారుల బసకు, తీర్థాల దారులకు పెట్టించుకోవడం జిల్లా నాయకత్వం పని. పన్నెండేళ్లంటే ఎనిమిదేళ్ల పిల్ల నాదస్వరం పట్టి కచేరీ చేసేంత కాలం. 2027 నాటికి విద్యల జాబితా, కలావంతుల కుటుంబాల అంగీకారంతో సేకరించిన రికార్డులు, రథం, ప్రభల కొలతల పటాలు చేతికొస్తే 2039కి మొదటి తరం విద్యార్థులు బయటికి వస్తారు. అప్పటికి నేర్పగల వృద్ధులు ఎందరు మిగులుతారన్నదాన్ని బట్టి జాబితా పని ఈ ఏడాదే మొదలవ్వాలా, వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చా అన్నది తేలుతుంది.